మొటిమలకు కారం కారణం కాదు, పరీక్షలు అడ్డం కావు

గుంటూరు, విజయవాడ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మొటిమలు ఒంట్లో వేడి వల్ల వస్తాయి. కారం, ఆవకాయ మాన్పించండి. రోజుకు ఐదారుసార్లు సబ్బుతో రుద్ది ముఖం కడిగించండి. రాత్రి టూత్‌పేస్టో నిమ్మరసమో రాయండి. మందుల సంగతి పరీక్షలయ్యాక చూసుకోవచ్చు, వయసుతో పాటు అవే పోతాయి." ఇదీ దాని సారం. నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకు బయాలజీ చెబుతుంటాను. ఇది నమ్మి ముఖం పాడుచేసుకుంటున్న పిల్లల్ని రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. ఎండలకు చెమట పట్టి మొటిమలు ఎక్కువ మండొచ్చు. కానీ వేడే అసలు కారణమైతే డిసెంబరు చలిలో తగ్గిపోవాలి కదా, తగ్గవు. ఈ వయసులో మగ హార్మోన్లుగా పిలిచే ఆండ్రోజన్లు పెరుగుతాయి, ఆడపిల్లల్లో కూడా. దాంతో చర్మంలోని గ్రంథులు జిడ్డు ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ జిడ్డు, మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల ఒక రకం బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఇందులో మిరపకాయ చేసేదేమీ లేదు.

పచ్చడి మాన్పించి, ట్యూషన్‌కి వెళ్లే పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్, కూల్‌డ్రింకు ఇచ్చే ఇళ్లున్నాయి. నాకు బాధ కలిగించేది అదే. తిండికీ మొటిమలకూ సంబంధం ఉందనడానికి కొంత ఆధారం దొరికింది ఆ తీపి, మైదా వైపే, అంటే రక్తంలో చక్కెరను గబగబా పెంచే పదార్థాల వైపు. పాల మీద కూడా అనుమానం ఉంది గానీ, ఎదిగే పిల్లలకు పాలు మాన్పించేంత బలమైనది కాదు.

ఐదారుసార్లు కడగడం కూడా తప్పే. బ్లాక్‌హెడ్స్ నల్లగా కనిపించేది మట్టి వల్ల కాదు. రంధ్రంలో ఇరుక్కున్న పదార్థానికి గాలి తగిలి రంగు మారుతుంది. రుద్దితే చర్మం ఎండిపోయి ఎర్రబడుతుంది, ఆపైన మందు రాస్తే తట్టుకోలేదు. గాఢత తక్కువున్న ఫేస్‌వాష్‌తో పొద్దున, రాత్రి కడిగితే చాలు. ఆటల పీరియడ్ తర్వాత చెమట పడితే ఇంకోసారి. ఆ మెసేజ్ తలనూనె ఊసే ఎత్తలేదు. కొబ్బరినూనె దట్టంగా పెట్టి రెండు జడలు వేసుకొచ్చే అమ్మాయిల్లో నుదుటి అంచున వరసగా మొటిమలు కనిపిస్తే ముందు తగ్గించాల్సింది నూనె.

టూత్‌పేస్ట్ చర్మాన్ని మండిస్తుంది. నిమ్మరసం ఇంకా ప్రమాదం: అది రాసిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి.

చిట్కాలు పనిచేయనప్పుడు చాలామంది వెళ్లేది మెడికల్ షాపుకి. అక్కడ "ముఖం తెల్లబడుతుంది" అని ఇచ్చే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి పేర్లు కనిపిస్తే కొనకండి. మొదటి వారం ముఖం నున్నగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, కొత్తగా మొటిమలు పుట్టుకొస్తాయి, క్రీము ఆపితే ముఖం ఎర్రగా మండుతుంది. ఆ మంట భరించలేక మళ్లీ అదే రాస్తారు.

ఇక పరీక్షలయ్యాక చూద్దామన్న మాట. అన్నిటికంటే ఎక్కువ నష్టం దీనివల్లే. మొటిమలు చాలామందికి వయసుతో తగ్గేమాట నిజమే, గుంటలు మాత్రం తగ్గవు. మన చామనఛాయ చర్మంలో నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. మందు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. దసరా సెలవుల్లో మొదలుపెడితే సంక్రాంతికల్లా తేడా తెలుస్తుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలయ్యాక అంటే ఏడాదంతా ఆ పిల్ల చివరి బెంచీలో మొహం దాచుకుని కూర్చోవాల్సిందే. చదువుకి అడ్డమయ్యేది ఆ టెన్షనే.

మందుకి పట్టే సమయం రోజుకు రెండు నిమిషాలు. డాక్టర్లు ఎక్కువగా మొదలుపెట్టేది రెండింటితో. ఒకటి అడాపలీన్ 0.1 శాతం జెల్: రాత్రిపూట, బఠాణీ గింజంత, మొటిమ మీద చుక్కలా కాకుండా మొటిమలొచ్చే భాగమంతా పలచగా రాయాలి. మొదట్లో రోజు విడిచి రోజు. మొదటి కొన్ని వారాలు చర్మం పొట్టు రాలుతుంది, మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు, ఆపకూడదు. రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్. 2.5 శాతం సరిపోతుంది, ఎక్కువ శాతమైతే మంటే ఎక్కువ. ఇది తువ్వాలు, యూనిఫాం కాలర్ రంగు పోగొడుతుంది, హాస్టల్‌కి పంపేటప్పుడు తెల్ల తువ్వాలు ఇవ్వండి. పగలు సన్‌స్క్రీన్ రాయాలి. యాంటీబయాటిక్ క్రీము ఒక్కటే నెలల తరబడి రాయడం తప్పు, బాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్స్ డాక్టర్ పర్యవేక్షణ లేకుండా అసలు వాడకూడదు. గర్భంలోని బిడ్డకు అవి తీవ్రమైన హాని చేస్తాయి.

ప్రైవేటు ఫీజు భారమైతే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. లోతుగా, నొప్పిగా గడ్డలు లేస్తున్నా, గుంటలు పడుతున్నా, అమ్మాయికి మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా సెలవుల కోసం ఆగకండి, ఈ వారంలోనే ఒక పూట బడి మాన్పించి తీసుకెళ్లండి.