కథానాయకుడి వెనకున్న ఊరు

ఊరి పాత ముచ్చట్లను కాలక్షేపంగా తీసిపారేసే అలవాటు మనకుంది. ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగు కుటుంబాల పెద్దలు ఏ పెళ్లిపందిట్లోనో, ఏ వీధి అరుగు మీదనో కలిసినప్పుడు గోపాలపూర్ ఒడ్డున ఒకప్పుడు జరిగిన షూటింగుల గురించి, బరంపురం హాళ్లలో ఆడిన బొమ్మల గురించి, తెల్లవార్లూ సాగిన పద్యనాటకాల గురించి మాట్లాడుకుంటూ ఉంటే చుట్టూ చేరిన పిల్లలు సరదాగా వింటారు, కాసేపటికి లేచిపోతారు. ఆ మాటలు ఊరి చరిత్రకు ఆధారాలని ఎవరికీ తోచదు. అవి ఆధారాలేనని మా పత్రిక నమ్మకం. వాటిని రాసిపెట్టుకోవడానికి ఇక ఎక్కువ వ్యవధి లేదన్న ఆందోళనతోనే ఈ మాటలు రాస్తున్నాము.

బయటి ప్రేక్షకులు సినిమాలో నాయకుణ్ణి, నాయికను చూస్తారు. షూటింగు జరిగిన ఊరివాళ్లు వాళ్ల వెనక ఉన్నదాన్ని చూస్తారు. పాట సాగుతున్నంతసేపూ వారి కళ్లు ఒడ్డుకు లాగిపెట్టిన తెప్పల మీద, దూరాన కనిపించే సరుగుడు తోపు మీద, ఇప్పుడు లేని ఒక ప్రహరీ గోడ మీద ఉంటాయి. విశాఖ, భీమిలి వాసుల్లో పాతతరం వారు 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ను ఈనాటికీ ఇలాగే చూస్తారు, అందులోని తీరం, అందులోని రోడ్లు వారికి కథకన్నా ఎక్కువ. గోపాలపూర్‌లో, చిలికా ఒడ్డున చిత్రించిన ఒడియా, బెంగాలీ సినిమాలను మన ప్రాంతపు పెద్దలు చూసే తీరూ అదే. ఏ సన్నివేశం ఎక్కడ తీశారో, కెమెరా ఏ వైపు తిరిగి ఉండేదో, దానికి ఎడమ పక్కన తెరకెక్కకుండా మిగిలిపోయింది ఏమిటో వారు చెప్పగలరు. ఆ మూడో సంగతి ఏ ఫిల్ములోనూ దొరకదు.

గోపాలపూర్‌కు చిత్రబృందాలు ఎందుకు వచ్చేవో తెలుసుకోవాలంటే ఆ ఊరి పూర్వకథ కొంత చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ రేవు నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచేవి. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెల నుంచి కూలీలు వరిపొలాల్లో, మిల్లుల్లో, రేవుల్లో పనికోసం ఇక్కడ ఓడెక్కి బర్మా వెళ్లేవారు. బర్మా డబ్బుతో పెంకుటిళ్లు లేచిన పల్లెలూ ఉన్నాయి, బర్మా వెళ్లినవాడు తిరిగిరాక దీపం కొండెక్కిన ఇళ్లూ ఉన్నాయి. యుద్ధంతో ఆ రాకపోకలు తెగిపోయాక రేవు పాడుబడింది. ఇసుకలో కూరుకుపోతున్న గిడ్డంగుల గోడలు, నీళ్లలో ఒంటరిగా నిలిచిన జెట్టీ స్తంభాలు, దీపస్తంభం, ఊరి వెనక నిశ్చలంగా పరుచుకున్న కయ్యలు, 1914లో ఒక ఇటాలియన్ కట్టించగా తర్వాత ఓబెరాయ్ చేతికి వచ్చిన పామ్ బీచ్ హోటల్ మిగిలాయి. లక్షలు పోసి సెట్టు వేయనక్కరలేకుండా, ఒక కాలం ముగిసిపోయిన ఛాయ అంతా ఒకేచోట దొరికే ఇలాంటి తీరం దర్శకులను పిలవకుండా ఎలా ఉంటుంది? మన తాతల కష్టానికి సాక్ష్యంగా నిలిచిన గోడలే ప్రేమకథలకు నేపథ్యాలయ్యాయి. దీన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ గోడల అసలు కథ తెలిసినవారు మన మధ్య ఇంకా ఉన్నారు, వారిని అడగవలసి ఉందన్నదే మా మాట.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలికి ఈ జిల్లాలో నీడనిచ్చిన చెట్లు ఎన్ని కూలిపోయాయో, ఒడ్డు రూపం ఎంత మారిపోయిందో అప్పుడు ఇక్కడున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ రాత్రికి ముందున్న తీరాన్ని కదిలే బొమ్మగా చూడాలనుకునే యువకుడికి ఇప్పుడు పాత సినిమాలే ముఖ్యమైన దిక్కు. ప్రభుత్వ శాఖల దగ్గర పటాలు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి. సాయంత్రం ఎండలో ఆ వీధి ఎలా ఉండేదో వాటిలో ఉండదు.

బొమ్మ దొరికినచోట కూడా ధ్వని దొరకదని చాలామందికి తెలియదు. తేలికపాటి ఆరిఫ్లెక్స్ కెమెరాలు వచ్చాక అవుట్‌డోర్ షూటింగు సులువైంది గాని, ఆ కెమెరా నడిచేటప్పుడు చేసే రొదవల్ల అక్కడి మాటలను అక్కడే శుభ్రంగా రికార్డు చేయడం కష్టమయ్యేది. అందుచేత సంభాషణలన్నీ తర్వాత మద్రాసులోనో, కలకత్తాలోనో డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించి కలిపేవారు. అలల హోరు, కాకుల అరుపు కూడా చాలాసార్లు స్టూడియోలో భద్రపరిచిన టేపుల నుంచి తెచ్చినవే. కనుక తెరమీద కనిపించే గోపాలపూర్ మన గోపాలపూరే అయినా, వినిపించేది మాత్రం మరెక్కడిదో. వలలు లాగే జాలరుల తెలుగు కేకలు, అటు ఒడియాలో, ఇటు తెలుగులో ఒకే నోట సాగే బేరాలు ఏ సౌండ్ ట్రాక్‌లోనూ లేవు. అవి విన్న చెవులు ఇప్పుడు ఎనభయ్యో పడిలో ఉన్నాయి.

సినిమాలు తీసిన చోట్లతో పాటు సినిమాలు చూసిన చోట్లనూ ఈ జ్ఞాపకాల్లో కలుపుకోవాలి. ఒడిశాలోనే మొదటి సినిమా హాలుగా బరంపురం వాసులు గర్వంగా చెప్పుకునే శ్రీ సీతారామ విలాస్ టాకీస్ ఈ ఊరిదే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చేనాటికి బరంపురం మద్రాసు రాష్ట్రంలో భాగం. తొలి ఒడియా టాకీ ‘సీతా బిబాహ’ 1936లో వచ్చేనాటికి ఒడిశాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో చేరినప్పుడు సరిహద్దు మారింది గాని, నేల టికెట్టు కొనే జనం మారలేదు. ఒకే హాలులో ఒక వారం తెలుగు బొమ్మ, మరో వారం ఒడియా బొమ్మ, ఆదివారం ఉదయం ఆటకు హిందీయో బెంగాలీయో చూస్తూ పెరిగినవారు రెండు భాషల సినిమాలనూ సొంతంగానే భావించారు. ఆ సంస్కారానికి మూలం ఎక్కడుందో తెలియాలంటే ఠాకురాణీ యాత్ర చూడాలి. రెండేళ్లకోసారి ఊరి దేవత బుఢీ ఠాకురాణిని పుట్టింటికి తీసుకొచ్చే ఆ ఉత్సవానికి ముందు నిలిచేది నేతపని చేసే తెలుగు డేరా కులం పెద్ద దేశిబెహెరా కుటుంబం. నెలపాటు సాగే ఆ సంబరంలో వేషాలు కట్టి మొక్కు తీర్చుకునేది మాత్రం ఊరంతా. పులివేషం కట్టి వీధుల్లో ఆడిన కుర్రవాళ్లే నాటకాల్లో వేషాలు వేశారు, షూటింగులు వచ్చినప్పుడు గుంపు సన్నివేశాల్లో నిలబడ్డారు. వారి పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ పడలేదు.

ఈ ప్రాంతపు తెలుగువారికి మిగతావారికి లేని ఒక కష్టం ఉంది. 1936కు ముందటి మన కాగితాలు చెన్నై ఎగ్మూరులోని పాత దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి; తర్వాతివి భువనేశ్వర్‌లో ఉన్నాయి. తెలుగు సినిమా చరిత్ర రాసేవారి చూపు మద్రాసు, హైదరాబాద్ దాటి ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. ఒడియా సినిమా చరిత్ర రాసేవారి చూపు కటకం, పూరీల మీద ఉంటుంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానాలను అక్కడ గౌరవంగా తలుచుకుంటారు, పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. అంతటి పెద్దలకు రెండు వైపులా చోటు దొరికింది. ఊరి హాలులో ముప్ఫై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపినవాడికి, షూటింగు కోసం తన ఇంటి వసారా ఖాళీ చేసి ఇచ్చిన ఇల్లాలికి ఎటువైపునా చోటు లేదు.

సినిమాలు ఉన్నాయి కదా, ఎప్పుడైనా చూసుకోవచ్చు అని అనుకుంటే పొరపాటు. తొలి దశాబ్దాల్లో వాడిన నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుని కాలిపోయేది. దాని తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్ము మన తీరప్రాంతపు ఉక్కకు, చెమ్మకు పులిసిపోయి, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోతుంది. ఇవి చాలవన్నట్టు, ఆట అయిపోయిన ప్రింట్లను ఫిల్ములోని వెండి కోసం కరిగించేవారు. ఆనాటి వ్యాపారికి బొమ్మకన్నా వెండికే ధర ఎక్కువ పలికింది. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో మొదలయ్యేసరికే పోవలసినవి చాలా పోయాయి. అయినా ఆశ వదులుకోనక్కరలేదు. ఒడియా దర్శకుడు నిరద్ మహాపాత్ర పూరీలోని ఒక పాత ఇంట్లో చిత్రించిన ‘మాయా మిరిగ’ నెగటివ్ చెన్నైలో ఒక గిడ్డంగిలో దెబ్బతిన్న స్థితిలో దొరికితే, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దానిని ఓపికగా బాగుచేయించింది. 2024లో ఇటలీలోని బొలోన్యాలో ఆ చిత్రం మళ్లీ తెరకెక్కింది. ఒక ఒడియా సినిమా చెన్నై గిడ్డంగిలో దొరకడం యాదృచ్ఛికం కాదు. ఆ రోజుల్లో ఒడియా చిత్రాలెన్నో మద్రాసు లేబొరేటరీలలో కడిగించుకుని, అక్కడే ప్రింట్లు వేయించుకునేవి. గంజాం తీరాన్ని చూపించే రీళ్లు ఏవైనా మిగిలి ఉంటే వాటిని వెతకవలసిన చోట్లలో చెన్నై ఒకటి, ఆ వెతుకులాటకు తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మన యువకులకన్నా తగినవారు ఉండరు.

జ్ఞాపకం తడబడుతుందన్న అభ్యంతరం సరైనదే. ఒక షూటింగు ఏ ఏడాది జరిగిందని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి, పక్క ఊరిలో తీసిన దృశ్యాన్ని మన ఊరిదిగా గట్టిగా చెప్పేవారూ ఉంటారు. అంతమాత్రాన ఆ మాటలను పారేయకూడదు; కాగితంతో సరిపోల్చి చూడాలి. సినిమా హాళ్లకు లైసెన్సులు ఇచ్చింది కలెక్టరు కార్యాలయమే కనుక ఆ ఫైళ్లలో తేదీలుంటాయి. సినిమా మొదట్లో కృతజ్ఞతలు చెబుతూ వేసే కార్డులో ఊరి పెద్దల పేర్లు, హోటళ్ల పేర్లు ఉంటాయి. హాలు బయట అమ్మిన పాటల పుస్తకాలు, నాటక సమాజాల కరపత్రాలు, పత్రికల్లో పడిన ప్రకటనలు పాత ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉన్నాయి. పెద్దల మాట వింటే ఏ కాగితం వెతకాలో తెలుస్తుంది. కాగితం దొరికాక మళ్లీ వారి దగ్గరికి వెళ్తే మరుగునపడిన మరో సంగతి బయటికి వస్తుంది.

ఇది గతానికి మాత్రమే చెందిన వ్యవహారం కాదు. పుష్ప రెండో భాగంలో కొంత మల్కన్‌గిరి జిల్లాలో చిత్రించారు. 2025 మార్చిలో రాజమౌళి, మహేశ్‌బాబుల సినిమా కోసం కొరాపుట్ కొండల్లో పెద్ద యెత్తున షూటింగు జరిగింది. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి శిఖరం పేరు తెలుగు దేశమంతటా వినిపించిన ఆ రోజుల్లోనే, శిఖరం మీద చెత్త పేరుకుపోయిన దృశ్యాలు కూడా బయటికొచ్చి అందరినీ బాధపెట్టాయి. వచ్చినవారిని ఆదరించడం మన మర్యాద, వారు వెళ్లాక కొండ మునుపటిలా ఉండాలని కోరడం మన హక్కు. ఒడిశా ప్రభుత్వం 2019 నాటి చలనచిత్ర విధానంలో రాష్ట్రంలో షూటింగు చేసేవారికి రాయితీలు ప్రకటించింది. ఆ రాయితీ పొందే ప్రతి సంస్థా తాను చిత్రించిన స్థలాల ఫొటోలను, తేదీలను, పనిచేసిన స్థానికుల పేర్లను జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి తీరాలని ఒక్క నిబంధన చేరిస్తే ఖజానాకు పైసా ఖర్చు కాదు. ఈ పని నలభై ఏళ్ల క్రితమే జరిగి ఉంటే ఇవాళ మనం గోపాలపూర్ గోడల కోసం ఇంతగా వెతకవలసి వచ్చేది కాదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. 1967 నుంచి ఇక్కడున్న బరంపురం విశ్వవిద్యాలయం, అంతకన్నా పాతదై, కళాశాలగా మొదలై ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఖల్లికోట తమ విద్యార్థులను సెలవుల్లో ఈ పనికి పంపవచ్చు; ఫోను జేబులో ఉన్న ప్రతి విద్యార్థి దగ్గరా రికార్డు చేసే యంత్రం ఉన్నట్టే. పెద్దలను ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెబుతారు, తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, దానిని అలాగే ఉంచాలి, సరిదిద్దకూడదు. ఎదురుగా ఆ పాత సినిమానే పెట్టి, దృశ్యం దృశ్యానికీ ఆపుతూ అడగడం మంచిది, బొమ్మ చూడగానే వచ్చే మాట ఊరికే అడిగితే రాదు. తెలుగు సంఘాలు తమ వార్షికోత్సవాల్లో ఒక సన్మానం తగ్గించుకుని ఒక పూట ఇందుకు కేటాయించినా చాలు.

అన్నిటికన్నా అనువైన సమయం వచ్చే ఠాకురాణీ యాత్ర. సూరత్ మరమగ్గాల దగ్గర, విశాఖలో, హైదరాబాద్‌లో బతుకుతున్న బరంపురం బిడ్డలు ఆ నెలలో ఎలాగైనా సెలవు పెట్టి ఇంటికి వస్తారు. తాతలు, తండ్రులు, మనవలు ఒకే కప్పు కింద ఉండే రోజులవి. దేశిబెహెరా వీధికి దగ్గరలో ఒక గది, ఒక తెర, ఒక స్కానరు ఏర్పాటు చేసి, ఇళ్లలోని ఫొటోలు, పాటల పుస్తకాలు తెచ్చినవారికి అక్కడికక్కడే నకలు తీసుకుని అసలు తిరిగి ఇచ్చేయాలని నగరపాలక సంస్థను కోరుతున్నాము. మా పత్రిక పాత సంచికల్లోని సినిమా, నాటక ప్రకటనలన్నిటినీ ఆ గదికి ఉచితంగా అందజేస్తాము. పెద్దలు చెప్పే సంగతులకు వారం వారం మా ఆదివారం పేజీలో చోటు కల్పిస్తాము.