555కు సింబల్ ఎట్లా గీయాలి?

హన్మకొండ చౌరస్తా దగ్గర మోటార్ స్టార్టర్ బోర్డులు బాగుచేసే అన్న. కాజీపేటలో ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముడు. సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో, ఎనిమిది పిన్నుల 555 టైమర్ చిప్పుకు సొంతంగా సింబల్ (సర్క్యూట్ బొమ్మలో చిప్పును చూపే గుర్తు) గీసి తెచ్చాడు.

అన్న: ఇదేంది తమ్మీ? 2 పక్కన 6 పెట్టినవ్, 8 పైన, 1 కింద. చిప్పు గాటు పైకి పెడితే ఎడమ దిక్కు 1, 2, 3, 4. కుడి దిక్కు కింది నుంచి 5, 6, 7, 8. మీటర్ పట్టుకున్నోడికి ఆ వరసే కావాలి.

తమ్ముడు: మీటర్ పెట్టే ముందు సర్క్యూట్ ఏం చేస్తుందో అర్థం కావాలి కదన్నా. ఆస్టేబుల్‌లో, అంటే అవుట్‌పుట్ తనంతట తానే ఆగకుండా ఆన్, ఆఫ్ అయ్యే సర్క్యూట్‌లో, 2, 6 రెండూ కలిపి ఒకే కెపాసిటర్‌కు ఇస్తాం. నువ్వన్నట్టు గీస్తే ఆ వైరు చిప్పు చుట్టూ తిరిగి రావాలి. రెండూ ఎడమనే ఉంటే కథంతా ఒక్క చోటే కనబడుతుంది. కెపాసిటర్ సప్లైలో మూడో వంతుకు దిగగానే 2 పట్టుకుంటుంది, మూడింట రెండు వంతులకు ఎక్కగానే 6 పట్టుకుంటుంది. ఫలితం కుడివైపు 3 మీద.

అన్న: పొలం ఎండుతోందని రైతు షాపులో నిలబడితే 3 ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలా?

తమ్ముడు: నంబర్ పిన్ మీదే రాసి ఉందన్నా. బోర్డు మీద పిన్ను సోల్డర్ చేసే ప్యాడ్‌తో కలిసేది కూడా ఆ నంబరే, ఎడమా కుడీ కాదు.

అన్న: ఆ నంబరే తప్పయితే? పోయినేడు 78ఎల్05 అనే 5 వోల్టుల రెగ్యులేటర్‌కు 7805 సింబల్ వాడి 40 బోర్డులు చేయించిన. పెద్ద 7805కు 1 ఇన్‌పుట్, 3 అవుట్‌పుట్. ట్రాన్సిస్టర్‌లా ఉండే చిన్న 78ఎల్05కు సరిగ్గా ఉల్టా. మధ్యలో గ్రౌండ్ కాబట్టి బతికిపోయిన. ఒక్కొక్కటి ఊడదీసి, వెనక్కి తిప్పి సోల్డర్ చేసిన.

(గీసే తీరులో నేను తమ్ముడి వైపే. ఈ 40 బోర్డుల దగ్గర మాత్రం అన్న మాటకు ఎదురు లేదు.)

తమ్ముడు: అందుకే రెడీమేడ్ సింబల్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఇన్‌పుట్టా, అవుట్‌పుట్టా అని పిన్ రకం సరిగ్గా ఇస్తే, రెండు అవుట్‌పుట్‌లు కలిసినప్పుడు సాఫ్ట్‌వేరే అరుస్తుంది. అన్నీ పాసివ్, అంటే ఏ దిక్కూ చెప్పని రకం, అని పెడితే నోరు మెదపదు. నంబర్ తప్పు మాత్రం దానికి తెలియదు, మనమే చూసుకోవాలి.

అన్న: అయితే డేటాషీట్ తియ్యి. నంబర్ నేను చెప్తా, పేరు నువ్వు చదువు. 1?

తమ్ముడు: గ్రౌండ్.

అన్న: 2?

తమ్ముడు: ట్రిగ్గర్.

అన్న: ఆగు, సింబల్‌లో చూడనీ. ఆఁ, ఉంది. 3?