మీ సెమిస్టరు క్యాలెండరు పట్టుకుని మా తీరానికి రాకండి

జనవరిలో టూరిస్టు బస్సు, మే నెలలో కాలేజీ బస్సు. మొదటి దాంట్లోంచి విదేశీ యూనివర్సిటీ పిల్లలు దిగుతారు, రెండో దాంట్లోంచి మన పిల్లలు. టోపీలు, బ్యానరు, సర్వే ఫారాల కట్ట ఇద్దరి చేతుల్లోనూ ఉంటాయి. దీనికి పేరు సర్వీస్ లెర్నింగ్. ఊళ్లో పని చేస్తూ నేర్చుకోవాలి, నేర్చుకున్నందుకు క్రెడిట్లు వస్తాయి. మన డిగ్రీ పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ల ఏడు రోజుల క్యాంపు ఎప్పటినుంచో ఉంది. శ్రీకాకుళానికి 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం, విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో ఓ 28 కిలోమీటర్లు. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఈ రాకపోకలు ఇక పెరిగేవే గాని తగ్గేవి కావు. అందుకే ఇప్పుడే గొడవ పెట్టుకుంటున్నాను.

పిల్లల మీద నాకేం కోపం లేదు. కోపమంతా ప్రోగ్రాం తయారుచేసే సార్ల మీద, మేడమ్‌ల మీద. తేదీ మీ ఇష్టం, టైము మీ ఇష్టం, ప్రశ్న మీ ఇష్టం. ఊరు మాత్రం సిద్ధంగా కూర్చుని ఉండాలి.

ముందు టైము సంగతి చూద్దాం. ఫైబర్ తెప్ప రాత్రి రెండు, మూడు గంటలకు నీళ్లలోకి దిగుతుంది. ఒడ్డుకు చేరేసరికి ఎనిమిది, ఒక్కోసారి పది. రేవులో చేపల వేలం పాట, లెక్క తేల్చుకోవడం, వల దులిపి ఆరేయడం అయ్యాక మగవాళ్లు ఇంత తిని పడుకుంటారు. ఆడవాళ్లు అప్పటికే గంపలతో ఆటో ఎక్కేసి ఉంటారు. కాలేజీ బస్సు ఎన్నింటికి వస్తుంది? పదిన్నరకు! తలుపు తట్టిన పిల్లలకు దొరికేది మామ్మ, లేకపోతే బడి మానేసిన కుర్రాడు. వాళ్లు చెప్పిందే రిపోర్టులో 'గృహ యజమాని అభిప్రాయం' అయి కూర్చుంటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య గంగమ్మ గుడి అరుగు దగ్గరికి వెళ్తే, వల బాగుచేసుకుంటూ పదిమంది కలిసి దొరుకుతారు. కానీ ఆ టైముకు మీ బస్సు వెనక్కి తిరిగిపోయి ఉంటుంది, డ్రైవరు డ్యూటీ ఐదింటికి అయిపోతుందట.

నెలల సంగతి ఇంకా ఘోరం. విదేశీ యూనివర్సిటీలకు శీతాకాలం సెలవులు కలిసొస్తాయి కాబట్టి జనవరి. ఆ నెలలో మన చేపల ఊళ్లలో చాలా చోట్ల సగం మగవాళ్లు ఉండరు. గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉంటారు. పడమటి తీరంలో వేట మొదలయ్యే ఆగస్టుకు పోతే మళ్లీ వేసవికే రాక. వాళ్లు లేని ఇంటికి వెళ్లి 'ఇంటి పెద్ద: స్త్రీ, వృత్తి: లేదు' అని రాసుకొస్తారు. ఆ స్త్రీ పొద్దున్నే 20 కిలోల చేప నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లొచ్చింది, ఆ సంగతి మాత్రం ఏ గడిలోనూ పట్టదు. 2018 నవంబరులో ఆ వెరావల్ బోట్ల మీదనుంచే మన ఆంధ్రా మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఎక్కువమంది ఈ రెండు జిల్లాల వాళ్లే. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చారు. ఏడాది పైన కరాచీ జైల్లో చదివిన ఆ విదేశీ చదువుకు ఎవరూ క్రెడిట్లు వేయలేదు.

మగవాళ్లు ఇంటిపట్టున ఉండేది వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. మన కాలేజీల వేసవి ప్రాజెక్టు అదృష్టవశాత్తూ దీంతో కలుస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఇప్పుడు 20 వేల రూపాయలు. ఆ రోజుల్లో ఫారం, పెన్ను, మెడలో ఐడీ కార్డు కనిపిస్తే పథకం లెక్క కోసం వచ్చారనుకుంటారు. ఆదాయం తగ్గించి చెబుతారు, తెప్ప ఎవరి పేరున ఉందంటే నీళ్లు నములుతారు. వాళ్ల తప్పేం లేదు, మీరైనా అంతే చేస్తారు. అందుకే మొదటి మూడు రోజులు ఫారం సంచిలోంచి తీయకూడదు.

ఇక ఆ 'నెలసరి ఆదాయం' గడి. దాన్ని కనిపెట్టినవాడు ఏనాడూ రేవులో నిలబడి ఉండడు. తెప్ప మీద జీతం ఉండదు, వాటా ఉంటుంది. 8000 రూపాయల చేప పడిందనుకోండి. ఇంజను నూనె, ఐసు, తిండి కింద 2000 తీసేస్తే మిగిలింది 6000. తెప్పకో వాటా, ఇంజనుకో వాటా, వలకో వాటా, ఐదుగురు మనుషులకు ఐదు, మొత్తం ఎనిమిది. మనిషికి 750. ఈ పద్ధతి ఊరూరికీ మారుతుంది. కొన్ని చోట్ల వలకు రెండు వాటాలు, కొన్ని చోట్ల ఖర్చు అంతా తెప్ప యజమానిదే. మర్నాడు ఖాళీ వలతో వస్తే ఆ 2000 అప్పు. పైగా అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే చేప వేయాలి, ధర ఆయన చెప్పిందే. కాబట్టి 'నెలకెంత?' అని అడక్కండి. 'నిన్న ఎన్ని వాటాలేశారు, ఇంజనుకెన్ని, వలకెన్ని, మొన్నటి అప్పు ఎంత తెగింది?' అని అడగండి. వారం రోజులు అదే తెప్పను అడిగితే 200 ఇళ్ల సర్వే కన్నా ఎక్కువ తెలుస్తుంది. కానీ గైడు సారుకు శాంపిల్ సైజు కావాలి, గుండ్రటి పై చార్టు కావాలి.

తెచ్చిన ఫారాలు ఏమవుతాయో కూడా మాట్లాడుకుందాం. జిరాక్సు షాపులో పాత బ్యాచి రిపోర్టు దొరుకుతుంది. ఊరి పేరు, పిల్లల పేర్లు మారుస్తారు. 34వ పేజీలో పాత ఊరి పేరు అలాగే ఉండిపోతుంది, ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ దొరకదు. విదేశీ పిల్లలు ఇంత మోసం చేయరు, నిజం ఒప్పుకోవాలి. కానీ వాళ్ల రిపోర్టు ఇంగ్లీషులో, సముద్రానికి అవతల. రెండింట్లో ఏదీ ఊరికి తిరిగి రాదు. అందుకే మూడో బ్యాచి వచ్చేసరికి "ఏటి బాబూ, మొన్నొచ్చినోళ్లకి సెప్పాం కదా, ఆళ్లనే అడగండి" అంటారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ విసుగు ఇంకా ముదిరింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు రక్తం ఇచ్చి, మూత్రం ఇచ్చి, నీళ్ల సీసాలు నింపి ఇచ్చి అలసిపోయిన ఊళ్లున్నాయి. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. రెండు వారాల విద్యార్థి బృందం తేల్చేది అంతకన్నా కాదు. విదేశీ సంస్థతో కలిసి ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా కేంద్ర స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా ఉండాలి. అది లేకుండా సూది తీస్తే అది సేవ కాదు, రూలు తప్పడమే.

విదేశీ బృందాన్ని పిలిచే మన కాలేజీలకు కాగితాల విషయంలో కొన్ని మాటలు. ఈ-టూరిస్ట్ వీసా మీద స్వచ్ఛంద సేవ చేయొచ్చు గాని ఒక నెలకు మించకూడదు, పైసా పుచ్చుకోకూడదు. సెమిస్టరంతా ఉండి చదివేవాళ్లకు స్టూడెంట్ వీసాయే. విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆ వివరాల ఫారం (ఇదివరకు సి-ఫారం అనేవారు) ఆన్‌లైన్‌లో పెట్టాలి, పెట్టాల్సింది దించుకున్న ఇంటివాళ్లు. మత్స్యకారుడి ఇంట్లో హోమ్‌స్టే అని బ్రోషరులో రాసేసి ఈ ముక్క ఆ ఇంటావిడకు చెప్పకపోతే, పోలీసులు వచ్చినప్పుడు నిలబడేది ఆమె. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహంతో మెసేజీలు పంపే ట్రెక్కింగ్ పరికరాలు అనుమతి లేకుండా మన దేశంలో పట్టుకు తిరగకూడదు. అమెరికాలో కొండ ఎక్కేవాళ్ల దగ్గర ఇవి మామూలే, సంచిలో మర్చిపోయి తెచ్చేస్తారు. బయల్దేరే ముందే చెప్పండి. రణస్థలం మండలంలో అణువిద్యుత్ కేంద్రానికి అనుకున్న కొవ్వాడ ఉంది. అటువైపు విదేశీ కుర్రాడు కెమెరా పట్టుకు తిరిగితే ఎవరికైనా అనుమానమే.

డబ్బు దగ్గర కూడా ఇరుక్కుంటారు. పిల్లలు ఇంటికెళ్లాక ఉత్సాహంగా చందాలు పోగేస్తారు, మహిళా సంఘానికి ఐసు పెట్టెలు కొనిద్దామని. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. ఉన్నవాళ్లకైనా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాకే ముందు రావాలి. ఇవన్నీ తెలిసేసరికి ఆరు నెలలు. ఈలోగా ఊళ్లో మాట పుట్టేస్తుంది, డబ్బు వచ్చింది, పెద్దలు తినేశారని. అసలు రాని డబ్బుకు కొట్లాటలు!

ఇక చేసే పనులు. మొదటి స్థానం ఎప్పుడూ బడి గోడకు రంగు. సముద్రం ఎదురుగా ఉన్న గోడలో ఉప్పు ఉంటుంది. పూతకు వాడిన ఇసుకలోనే ఉప్పుంటే మరీ. పైన ప్లాస్టిక్ పెయింటు కొడితే లోపలి తేమ బయటికి రాలేక పొక్కులు పొక్కుతుంది. మొదటి వానలకు పెచ్చులూడి, వేసిన ప్రపంచ పటంలో ఆఫ్రికా సగం పోతుంది. వైరు బ్రష్షుతో గీకి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, తెల్లగా ఉప్పు పొంగితే మళ్లీ గీకి కడిగి, ఆ తర్వాత సున్నం మూడు పూతలు వేయండి. సున్నం గోడకు ఊపిరాడనిస్తుంది. ఫొటోకు అంత అందంగా ఉండదు, అదొక్కటే దాని లోపం.

రెండోది బీచి క్లీనింగ్. సంచులు నింపడం తేలిక, నింపిన సంచి ఎక్కడికి పోతుందన్నదే అసలు పని. పంచాయతీ ట్రాక్టరు ఏ రోజు వస్తుందో ముందు మాట్లాడుకోకపోతే, సంచులు ఒడ్డునే ఉండి పౌర్ణమి పోటుకు సముద్రంలోకే పోతాయి. పాత నైలాన్ వలలు ఇసుక, ఉప్పు పట్టి ఉంటాయి కాబట్టి మామూలు పాతసామాన్ల వాడు కొనడు. ఇంకో సంగతి, ఒడ్డున కుప్పగా పడి ఉన్న ప్రతి వలా చెత్త కాదు. ఆరేసుకున్నవి, బాగుచేయడానికి ఉంచినవి ఉంటాయి. పదివేల రూపాయల వలను కత్తిరించి సంచిలో కుక్కాక క్షమాపణ చెప్పి లాభం లేదు. ఊదారంగు పూల బాలబంద తీగను కలుపు మొక్కనుకుని పీకేయకండి, ఇసుక దిబ్బను కట్టి ఉంచేది అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఏం చేసిపోయిందో చూసినవాళ్లకు ఆ దిబ్బ విలువ చెప్పనక్కర్లేదు.

తాబేళ్ల మోజు ఒకటి. ఆలివ్ రిడ్లీలు చలికాలం చివరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద పైగా. గుడ్లను హేచరీకి మార్చాలంటే పెట్టిన కొద్ది గంటల్లోనే, అటూ ఇటూ తిప్పకుండా మార్చాలి. ఆలస్యమైతే లోపలి పిండం చస్తుంది. ఫోను టార్చి వేస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. అటవీశాఖ మనిషి లేకుండా ముట్టుకోవడం చట్టప్రకారం నేరం. పిల్లలు బయటికొచ్చేది 45 నుంచి 60 రోజులకు. రెండు వారాల బృందానికి గుడ్లో పిల్లలో ఏదో ఒకటే దక్కుతుంది, గూడు కాపలా మాత్రం ఊరి కుర్రాళ్ల మీదే పడుతుంది. ఆ కాపలాకు కూలి ఇచ్చే లెక్క మీ బడ్జెట్లో ఉందా?

నాకు నచ్చే ప్రాజెక్టు ఒకటుంది, చెబితే చప్పగా ఉంటుంది. ఊళ్లో పన్నెండు బావులు, బోర్లు ఎంచుకుని రంగుతో నంబర్లు వేయండి. ప్రతి నెలా ఒకే తేదీన, పొద్దున్నే జనం తోడకముందు, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్పే టీడీఎస్ మీటరుతో కొలవండి. కొలిచే ముందు 1413 మైక్రోసీమెన్స్ విద్యుత్ వాహకత ఉన్న ప్రామాణిక ద్రావణంలో మీటరు సరిచూసుకోవాలి, ప్రతి బావికీ మధ్య డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. లేకపోతే నాలుగో నెలకు మీటరు చెప్పేదంతా అబద్ధమే. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా. ఏ బావి ఏ నెలలో హద్దు దాటుతోందో రెండేళ్లకు ఊరికే తెలుస్తుంది, ట్యాంకరు ఎప్పుడడగాలో తెలుస్తుంది. నోటుబుక్కు ఊరి సచివాలయంలోనో బడిలోనో ఉండాలి, విద్యార్థి సంచిలో కాదు. మే నెలలో మన పిల్లలు, జనవరిలో విదేశీ పిల్లలు, మధ్య నెలల్లో హైస్కూలు పిల్లలు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు. టీడీఎస్‌ను బట్టి కిడ్నీ జబ్బు గురించి మాత్రం నోరు విప్పకూడదు, ఆ మీటరుకు అంత తెలివి లేదు.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు ఒకప్పుడు విశాఖకు పిల్లల్ని పంపేవారు. ముందు వేసవిలో అక్కడే తెలుగు నేర్పి, తర్వాత విద్యా సంవత్సరమంతా ఇక్కడ ఉంచేవారు. ఇప్పటి బ్రోషర్లలో అదే పని పదిహేను రోజులకు కుదించారు, తెలుగు నేర్చుకోవడం ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలో 'నమస్కారం' దగ్గర ఆగిపోయింది.

చివరగా ఒప్పందం కాగితం గురించి. దాని మీద 'పరస్పర మార్పిడి' అని ఉంటుంది. అటునుంచి ఏడాదికి పదిహేను మంది వస్తారు. ఇటునుంచి వెళ్లేది అధ్యాపకులు, అదీ సదస్సుకు. చేపల ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన అమ్మాయికి ఒక్క సెమిస్టరు అటు సీటు, విమానం టికెట్టుతో సహా, అని ఒక్క లైను రాయించండి. కాదంటే సంతకం ఆపండి. ఈలోగా ఆ అమ్మాయి చేత పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించండి. ఫీజు 1500 రూపాయలు, మీ స్వాగత బ్యానరు ఖర్చులో సర్దుకోవచ్చు.