ప్రాసెసర్ డబ్బల ఫ్రీగ వచ్చిన కూలర్ బామ్మర్దికి

బామ్మర్దీ,

హన్మకొండ నుంచి రాయునది ఏమనగా, ఈడ అందరం క్షేమమే. నీ సప్పుడుకు ఒకరి మాట ఒకరికి ఇనపడ్తలేదు గానీ, లేకుంటే ఇంకా క్షేమంగ ఉండేటోళ్లం.

కంప్యూటర్‌కు మెదడసొంటి చిప్పు, ప్రాసెసర్‌ను కోరి తెచ్చుకుంటం, దాని వేడి దించనీకి వెంబడి నువ్వొస్తవ్. "ఫ్రీయే కదా, వద్దంటరా ఎవలన్న" అని షాపాయన నిన్ను మదర్‌బోర్డు మీద కూసోబెడ్తడు. ఆయింత నువ్వు లేచేది లేదు. తెల్లారి కంప్యూటర్ ఆన్ చేసిన్నుంచి మాపటికి బంద్ చేసేదాక ఒకటే లొల్లి.

నిన్ను కొలువుల పెట్టిన కాయితం ముందుగాల చూద్దాం. డబ్బ మీద 65 వాట్లు అని ఉంటది, ప్రాసెసర్ తాగే కరెంటు, ఇడిసే వేడి లెక్క అన్నట్టు. ఇంటెల్ కోర్ ఐ5-12400 తీస్కో: బేస్ పవర్ 65, జోరు పెంచే టర్బోల 117 దాక పోతదని కంపెనీ కాయితంలనే ఉన్నది. ఏఎమ్‌డీ రైజెన్‌ల 65 వాట్ల రకమంటే ప్రాసెసర్ కూసునే సాకెట్‌కు 88 వాట్ల దాక అందుతదన్నట్టు. నువ్వేమో ఆ చిన్న అంకె చూసి "నాతోని అయితది" అన్నవ్. వీడియో రెండరింగ్ పెట్టినంక కూడా అయితదనే అంటవ్, కాకపోతే కేకలు పెట్టుకుంట అంటవ్.

ఎందుకు అరుస్తవో మాకు ఎరికే. వేడి దిగాలంటే గాలికి తగిలే రేకు ఎక్కువుండాలె. నీ దగ్గర గుప్పెడు అల్యూమినియం, దాని మీద అరచేతంత ఫ్యాన్. రేకు చేయాల్సిన పని ఫ్యాన్ వేగంతోని చేయబోతవ్, నిమిషానికి 3 వేల చుట్ల దగ్గరికి పోతవ్. వేగం సగం చేస్తే గాలి సగమే తగ్గుతది, సప్పుడు మాత్రం దగ్గర దగ్గర 15 డెసిబెల్స్ పడిపోతది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టు ఇనిపిస్తది. అందుకే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వెయ్యి చుట్లు నిమ్మళంగ తిరుగుకుంట, వెనక వేడిని మోసే నాలుగు రాగి హీట్‌పైపులు, నిండ రేకులు ఉన్న టవర్ కూలర్, నీ కంటె ఎక్కువ వేడిని దించి కూడా ఉన్నదా లేదా అన్నట్టుంటది.

ఇగ మా ఎండల సంగతి. నిన్ను తయారుచేసినోళ్లు ఏ 25 డిగ్రీల గదినో మనసుల పెట్టుకున్నరు కావచ్చు. లోడ్ మీద గది గాలి కంటె 50 డిగ్రీలు పైకి పోయే ప్రాసెసర్ ఆ గదిల 75 కాడ ఉంటది. మే నెలల వరంగల్‌ల బయట 43, ఇంట్ల 38 అనుకో, అదే ప్రాసెసర్ 88. గది ఒక డిగ్రీ ఎక్కితే చిప్పూ ఒక డిగ్రీ ఎక్కుతది, నువ్వు కాదు గదా ఎంత ఖరీదు కూలరైనా గది కంటె సల్లగ చేయలేదు. ఇంటెల్ 100 కాడ, రైజెన్ 7000లల్ల ఎక్కువ రకాలు 95 కాడ తమంతట తామే వేగం తగ్గించుకుంటయ్, కాలిపోవు. ఆ భయం చూపెట్టి మా జేబులు కొట్టేటోళ్లకు కూడా ఈ ఉత్తరం కాపీ పోతది. గదిల వట్టివేళ్ల కూలర్ నడిపేటోళ్లు దాని తడిగాలి సీదా క్యాబినెట్ మీదికి కొట్టకుంట తిప్పుకోవాలె.

నీ అదృష్టం, ఎండకాలం సీలింగ్ ఫ్యాన్ అయిదు మీద తిరుగుతుంటే నీ సప్పుడు దాంట్ల కలిసిపోతది. డిసెంబర్‌ల ఆ ఫ్యాన్ బంద్ చేసిన రాత్రి నీ బండారం బయటపడ్తది.

అయితే పంచాయితీ పెట్టకుంట వెళ్లగొట్టుడు న్యాయం కాదు. మా తప్పులు కూడా ఉన్నయ్. బ్రౌజర్ తెరిస్తే చాలు, చిప్పుల ఉన్న సెన్సర్ ఒక్క సెకన్ల 20 డిగ్రీలు ఎగురుతది. నీ అల్యూమినియం ఇంకా ఎచ్చబడనే లేదు, నువ్వు మాత్రం గుర్రుమని లేస్తవ్, మళ్ల పడుకుంటవ్, మళ్ల లేస్తవ్. ఒకటే తీరు సప్పుడును చెవి మరుస్తది, ఈ లేచుడు పడుకునుడే ప్రాణం తీస్తది. కంప్యూటర్ ఆన్ కాంగనే తెరుచుకునే బోర్డు సెట్టింగులు, అదే బయాస్‌ల, ఏ వేడికి ఎంత వేగమో చెప్పే ఫ్యాన్ కర్వ్‌కు పోయి 60 డిగ్రీల దాక 35 శాతం, 75 కాడ 55, 85 దాటినంకనే 100 అని పెట్టి, వేగం పెరిగే ఆలస్యం మూడు నాలుగు సెకన్లు ఇస్తే సగం లొల్లి పైస ఖర్చు లేకుంట తీరుతది. బోర్డును బట్టి ఆ ఆప్షన్ పేరు మారుతది. రైజెన్ అయితే కరెంటు తక్కువ తాగే ఈకో మోడ్ కూడా పెట్టి చూడాలె.

నీ నాలుగు ప్లాస్టిక్ కాళ్ల సంగతి మాత్రం మాఫీ లేదు. ఇంటెల్ డబ్బల వచ్చినోనివైతే ఎదురెదురు మూలలు రెండు రెండు జతగ, టక్కుమనేదాక ఒత్తాలె. వరుసగ ఒత్తితే ఒక పక్క లేస్తది. బోర్డును క్యాబినెట్‌ల బిగించక ముందే ఈ పని చేసి, వెనక తిప్పి చూస్తే నాలుగు పొక్కలల్ల ప్లాస్టిక్ కొనలు విచ్చుకొని కనపడాలె. మూడే విచ్చుకుంటే విండోస్ తెరిచేలోపే ప్రాసెసర్ 90 దాటొచ్చు, నింద కూడా దాని మీదనే పడ్తది. నిన్ను ఒక్కసారి లేపినమంటే నీ కింద పూసొచ్చిన, చిప్పు వేడిని నీకు దాటించే పేస్టు పని అయిపోయినట్టే: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని రెండు దిక్కుల తుడిచి, శెనిగగింజంత కొత్తది నడుమ పెట్టాలె. రైజెన్ పాత రకాల ఏఎమ్4 బోర్డు మీద నిన్ను సల్లగున్నప్పుడు గుంజితే ప్రాసెసర్ కూడా పిన్నులతో సహా ఊడి నీ ఎంబడి రావచ్చు. కొద్దిసేపు నడిపి ఎచ్చబెట్టి, బంద్ చేసి, కుడికి ఎడమకు మెల్లగ తిప్పి లేపాలె.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లొచ్చే రోజులల్ల ఆ దిక్కు ఇండ్లల్ల పింజె, దుబ్బ కలిసి నీ రేకుల నడుమ దుప్పటి పరుస్తయ్. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలుతోని ఆపి పట్టుకోవాలె, లేకుంటే అడ్డదిడ్డంగ తిరిగి బేరింగ్ పోతది. ఇవన్ని చేసినంక కూడా గీకుడు సప్పుడు వస్తే అది బేరింగే. ఇగ మందు లేదు.

అప్పుడే కొత్తోణ్ని చూస్తం. 65 వాట్ల రకానికి రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరికే ఒక్క టవర్ చాలు. డీప్‌కూల్ ఏజీ400 ఎత్తు 150 మిల్లీమీటర్లు, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ 155, నోక్టువా ఎన్‌హెచ్-డీ15 అయితే 165. క్యాబినెట్ ఎంత ఎత్తు పడ్తదో దాని కాయితంల చూసుకోకుంట తెస్తే పక్క తలుపు పడది. ర్యామ్ మీద ఎత్తు రేకులుంటే ఫ్యాన్‌ను జర పైకి జరపాలె, ఆ జరిపినంత ఎత్తు కూడా లెక్కల కలపాలె. పాత ఇంటెల్ బోర్డు కూలర్ అగ్గువకు దొరికితే ఆగి చూడాలె: ఇంటెల్ పాత సాకెట్ ఎల్‌జీఏ1200 పొక్కల నడుమ దూరం 75, దాని తర్వాతి ఎల్‌జీఏ1700కు 78. మూడు మిల్లీమీటర్లే, కానీ బలిమికి పట్టవు. కొత్త కూలర్ కింద అంటిన ప్లాస్టిక్ పొర పీకుడు మరిచేటోళ్లు మస్తు మంది. నీళ్ల కూలర్ ఈ ప్రాసెసర్లకు వద్దే వద్దు, ఫ్యాన్ లొల్లి పోయి పంపు గుయ్‌మనుడు వస్తది. నిట్‌ల చదివే పిల్లలు సెలవులకు మంచిర్యాల, ఆదిలాబాద్ బస్సెక్కితే క్యాబినెట్‌ను బోర్డు కిందికొచ్చేటట్టు పండబెట్టాలె, టవర్ బరువైతే ఊడదీసి సంచిల పెట్టుకోవాలె.

బామ్మర్దీ, నిన్ను పారేయం. పాత బోర్డు బతికున్నదా సచ్చిందా చూసేందుకు పది నిమిషాలు కూసోబెట్టనీకి నీ అంత అల్కగ పనికొచ్చేటోడు లేడు. ఏఎమ్‌డీ తరపోనివైతే ఒక్క మాట: బోర్డు వెనక ప్లేటు, దాని మీది ప్లాస్టిక్ బ్రాకెట్లు ఈడనే ఇడిసిపెట్టిపో, కొత్తగ వచ్చే టవర్లల్ల కొన్ని వాటికే బిగుస్తయ్.

ఇట్లు,
చెవులు సల్లబడాలని కోరే హన్మకొండ కంప్యూటర్ జనం