యూనిట్ టెస్టుల ప్రొఫైల్‌ను నమ్మి లైబ్రరీని సవరించకండి

లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) నెమ్మదిగా ఉందని ఫిర్యాదు రాగానే, సిద్ధంగా ఉన్న యూనిట్ టెస్టులన్నింటినీ ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పడుతోందో కొలిచే ప్రొఫైలర్ కింద నడిపి, జాబితాలో అన్నిటికన్నా పైన తేలిన ఫంక్షన్‌ను తిరగరాయడం చాలా బృందాల్లో అలవాటుగా మారింది. ఈ అలవాటును మానుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

కోడ్‌లోని ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే యూనిట్ టెస్టు ఉన్నది ఫలితం సరైనదో కాదో తేల్చడానికి. అందుకే మంచి టెస్టుల్లో ఖాళీ ఇన్‌పుట్లు, పాడైన ఇన్‌పుట్లు, హద్దుల దగ్గరి విలువలు ఎక్కువగా ఉంటాయి. వాడుకలో లక్షల సార్లు నడిచే దారికీ, ఎప్పుడో ఒకసారి తగిలే దారికీ అక్కడ దాదాపు సమాన స్థానమే దక్కుతుంది. ఒక జేసన్ పార్సర్ (జేసన్ అనే డేటా రూపంలోని పాఠాన్ని చదివే కోడ్) టెస్టుల్లో సగం, తప్పుడు పాఠాన్ని అది తిరస్కరిస్తోందా లేదా అని చూసేవే అనుకుందాం. అప్పుడు ఎక్సెప్షన్ల (తప్పు దొరికిందని తెలిపే సంకేతాల) ఖర్చు ప్రొఫైల్‌లో పైకి వస్తుంది. పెద్ద ఫైలు చదివేటప్పుడు నిజంగా సమయం తినే స్ట్రింగుల కాపీ, మెమరీ కేటాయింపు ఎక్కడో అడుగున ఉండిపోతాయి. టెస్టుకు ముందు చేసే సెటప్, తర్వాత చేసే టియర్‌డౌన్, అసలు భాగాల స్థానంలో పెట్టే మాక్ ఆబ్జెక్టుల ఖర్చు వీటికి అదనం.

ఇన్‌పుట్ పరిమాణం ఇంతకన్నా పెద్ద సమస్య. పది మూలకాల జాబితా మీద వర్గ స్థాయి (ఇన్‌పుట్ రెట్టింపైతే సమయం నాలుగు రెట్లయ్యే) అల్గారిదమ్ కూడా చురుగ్గానే కనిపిస్తుంది, డేటా అంతా ప్రాసెసర్‌లోని వేగవంతమైన చిన్న మెమరీ అయిన కాష్‌లోనే ఇమిడిపోతుంది, జావా వంటి చోట్ల కోడ్‌ను నడుస్తుండగానే యంత్రభాషలోకి మార్చి వేగవంతం చేసే జిట్ కంపైలర్ రంగంలోకి దిగేలోపే టెస్టు ముగిసిపోతుంది. పైథాన్‌లోని సీప్రొఫైల్ అనే ప్రొఫైలర్ అయితే ప్రతి ఫంక్షన్ కాల్‌కూ తన భారాన్ని కలుపుతుంది కాబట్టి, చిన్న ఫంక్షన్లుగా చక్కగా విడదీసిన కోడే దోషిగా నిలబడుతుంది.

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ బృందం పని చేసిన తీరు ఇక్కడ గమనించదగ్గది. 100 శాతం బ్రాంచ్ కవరేజీ (కోడ్‌లోని ప్రతి మలుపులో రెండు దారులనూ నడిపి చూడటం) సాధించిన టెస్టులు చేతిలో ఉన్నా, వేగాన్ని కొలవడానికి వారు వాటిని వాడలేదు; సాధారణ వినియోగాన్ని పోలిన పని చేసే స్పీడ్‌టెస్ట్1 అనే ప్రోగ్రామును విడిగా రాసుకుని, దాన్ని కాష్‌గ్రైండ్ అనే ప్రొఫైలర్ కింద నడిపారు. పట్టిన సమయాన్ని కాక, ప్రాసెసర్ అమలు చేసిన ఆదేశాల సంఖ్యను లెక్కించడం వల్ల అతి చిన్న మెరుగుదల కూడా స్పష్టంగా కనిపించింది. అలాంటి వందలాది చిన్న మార్పులతో 2014లో వచ్చిన 3.8.7 వెర్షన్, 3.7.17 కన్నా 50 శాతం వేగవంతమైంది.

అలాగని టెస్టులకు ఈ పనిలో చోటే లేదని నేను అనను. ఇన్‌పుట్‌ను రెట్టింపు చేసినప్పుడు పోలికల సంఖ్య ఎన్ని రెట్లు పెరిగిందో, ఒక కాల్‌లో డేటాబేస్‌కు ఎన్ని క్వెరీలు వెళ్లాయో లెక్కపెట్టి నిర్ధారించే టెస్టు ఎంతో విలువైనది, అది ఏ యంత్రం మీదైనా ఒకే జవాబు చెబుతుంది. ఇన్ని మిల్లీసెకన్లలో ముగియాలని షరతు పెట్టే టెస్టు మాత్రం, నలుగురు పంచుకునే సీఐ సర్వర్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే యంత్రం) మీద కారణం లేకుండా విఫలమవుతూ, చివరికి ఎవరూ పట్టించుకోనిదవుతుంది. గో అనే ప్రోగ్రామింగ్ భాష బెంచ్‌మార్క్‌లను (వేగాన్ని కొలిచే ప్రోగ్రాములను) టెస్టుల పక్కనే ఉంచినా వేరే ఫంక్షన్లుగా రాయమంటుంది, ప్రొఫైల్‌ను వాటి మీదే తీసుకునే వీలు కల్పిస్తుంది. ఆ విభజన ప్రతి లైబ్రరీలోనూ ఉండాలి. ఆ బెంచ్‌మార్క్‌లలోకి వెళ్లే డేటాను మనం ఊహించుకోకుండా, నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసినవారినే అడిగి, వారు ఇవ్వగలిగిన నమూనాను, దాని పరిమాణాన్ని ఏమాత్రం తగ్గించకుండా, అలాగే పెట్టాలి.