ఏకాంతం దొరకని వాళ్ల జపం

ప్రార్థన గురించి వచ్చిన ఒక వ్యాసంలో, ప్రశాంతత కావాలంటే రోజూ అరగంట ఏకాంతంలో ప్రార్థించాలని వ్యాసకర్త రాశారు. మంచి మాటే. కానీ చంటిపిల్లలు, ఉద్యోగం ఉన్న ఇంట్లో ఆ అరగంట ఎక్కడిది? ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సే నా జపమాల (మా కథోలిక క్రైస్తవులు పూసలు తిప్పుతూ చేసే ప్రార్థన) వేళ. రద్దీలో పూసలు తిప్పే వీలుండదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి కణుపుల మీద బొటనవేలితో పది మంగళవార్త జపాలు (మరియమ్మకు చేసే ప్రార్థన) లెక్కపెట్టుకుంటాను. జపంతోపాటు దేవరహస్యాలను, అంటే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను ధ్యానిస్తాను. మంగళవారం దుఃఖ దేవరహస్యాలు. గురువారం వెలుగు దేవరహస్యాలు (ఇవి రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో చేర్చినవి, నాకెంతో ఇష్టం). కండక్టర్ ఆధార్ కార్డు చూపమంటే ఆగి, మళ్లీ అందుకుంటాను. దీన్ని పరధ్యానం అంటే నేను ఒప్పుకోను.

వ్యాసంలో అసలు రాని విషయం ఒకటుంది. చర్చిలో పూజలో పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) తర్వాత, దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా మేం తీసుకునే అప్పం) స్వీకరించే ముందు, పక్కవారికి చేతులు జోడించి సమాధానం (శాంతి) చెప్పుకుంటాం. ప్రభువు తన సమాధానాన్ని శిష్యులందరికీ కలిపి ఇచ్చారు కదా! ఒక ఆదివారం సెయింట్ మేరీస్ బసిలికాలో, చాలాకాలంగా మాటలు లేని మా తోటికోడలు నా పక్కనే నిలబడింది. ఇద్దరం చేతులు జోడించాం. ఆ సాయంత్రమే ఆమెకు ఫోను చేశాను. ఈ సంగతి గురించి కూడా వ్యాసకర్త వివరంగా రాయాలని కోరుతున్నాను.