ఒక్క పిల్లోడు, ఏడుగురు మెంటార్లు

మా కనిగిరి వైపు ఒక హైస్కూల్లో ఆమధ్య ఫ్లెక్సీ కట్టారు: 'కష్టాల్లో ఉన్న విద్యార్థిని గట్టెక్కించడం అందరి బాధ్యత'. ఆ 'అందరి' అన్న మాట నాకు భలే నచ్చింది. అందరిదీ అన్నాక మనమీద పడదులే అని ప్రాణం హాయిగా ఉంటుంది.

పదో తరగతి పిల్లోడొకణ్ణి పట్టుకొచ్చారు. అమ్మానాన్న హైదరాబాదులో బేల్దారి పనికి పోయారు. ఇంట్లో అవ్వా, వీడూ. వీడికి మెంటార్లు ఏడుగురు: హెడ్మాస్టరు, లెక్కల సారు, సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు, ఎరువుల కొట్టు దాత, రిటైరైన బ్యాంకు మేనేజరు, అమెరికాలో ఉన్న పూర్వవిద్యార్థి, పేపర్లో రాస్తాడని నేను.

శాలువాలకే ముప్పావుగంట పట్టింది. ఒకటి తక్కువైతే హెడ్మాస్టరుకు కప్పిందే విప్పి, మడతపెట్టి దాతకు కప్పారు. పైగదిలోంచి కుర్చీలు మోసింది ఆ పిల్లోడే. అమెరికాకు సిగ్నల్ అందడం లేదని స్టూలెక్కి, కిటికీ దగ్గర ఫోను ఎత్తిపట్టుకుని నిలబడిందీ వాడే. 'కష్టపడితే సాధించలేనిది లేదు' అన్న మాట వాడి చెయ్యి గుంజేదాకా వినబడుతూనే ఉంది.

దింపాక మేనేజరుగారు అడిగారు: "నీ గోల్ ఏంటి బాబూ?"

"నాలుగింటికి ట్యాంకరొస్తాది సార్. బిందెలు పెట్టాల."

అందరూ నవ్వారు. "అది కాదయ్యా, లైఫ్‌లో!"

ఏం నవ్వొచ్చిందయ్యా? ఈ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడు ఉందని 1937లోనే తేల్చారు. అప్పటికి ఇది నెల్లూరు జిల్లా. 1970లో జిల్లా విడిపోయింది గానీ, ఆ అవ్వ తాగి పెరిగిన బోరునీళ్లు అవే. ఆమె నడుం లేవదు, మోకాలు వంగదు. బిందె వాడెత్తకపోతే ఎవరెత్తుతారు, శాలువా కప్పుకున్న దాతా? వాడికి గోల్ లేదంట!

తర్వాత వాట్సాప్ గ్రూపు పెట్టాం. రోజూ ఏడు గుడ్‌మార్నింగులు. ఫోను లేదు కాబట్టి పిల్లోడు మాత్రం అందులో లేడు. ఇరవై రోజులు బడికి రాలేదు. లెక్కల సారు వెల్ఫేర్ అసిస్టెంటు చూస్తున్నాడనుకున్నాడు, వెల్ఫేర్ అసిస్టెంటు నేను చూస్తున్నాననుకున్నాడు. నేను ఈ వ్యాసానికి శీర్షిక వెతుక్కుంటున్నా. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్లవాళ్లదే. వీడికి పదిహేను నిండాయి, కనక చట్టానికీ మాలాగే తీరిక దొరికింది.

చివరికి వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. అవ్వను మేనత్త ఇంట్లో దించేసి పిల్లోణ్ణీ తీసుకుపోయాడట. ఫోను వాడికిచ్చాడు.

"సార్, మళ్లీ చేస్తా. మేస్త్రి పిలుస్తుండాడు."

మేస్త్రి వాణ్ణి పేరుపెట్టి, రోజూ పొద్దున్నే ఆరింటికి పిలుస్తాడట. మా గ్రూపులో వాడి పేరు తెలిసినవాళ్లు ఇద్దరు.